ఇటలీలో కలిసిన దక్షిణం ఏడాదికే ఎందుకు తిరగబడింది?

ప్రశ్న: 1860లో నేపుల్స్, సిసిలీ ప్రజలు భారీ ఆధిక్యంతో ఇటలీలో కలవడానికి ఓటేశారని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మరి వెంటనే అక్కడ తిరుగుబాట్లు ఎందుకొచ్చాయి?
– పోటీ పరీక్షల అభ్యర్థి, వరంగల్

జవాబు: ముందు ఆ ఓటునే పరిశీలించాలి. 1860 అక్టోబరు 21న అడిగిన ప్రశ్న ఒక్కటే: విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజుగా అఖండ ఇటలీ కావాలా, వద్దా? ఏ చట్టాలు, ఏ పన్నులు, స్థానికులకు ఎంత అధికారం అన్న ప్రస్తావనే లేదు. పైగా ఓటు వేయడం నలుగురి కళ్లెదుటే. నేపుల్స్ వైపు 13 లక్షల మంది అవునన్నారు, సుమారు 10 వేల మంది కాదన్నారు. అప్పుడు 21 ఏళ్లు నిండిన మగవాళ్లందరికీ ఓటుంది. మూడు నెలలకే పార్లమెంటు ఎన్నికలు వచ్చేసరికి పాతికేళ్ల వయసు, అక్షరజ్ఞానం, ఏటా 40 లీరాల పన్ను అర్హతలయ్యాయి. 2.2 కోట్ల జనాభాలో ఓటర్లు 4.2 లక్షలే మిగిలారు. విలీనానికి ఒప్పుకున్న రైతుకు ఆ తర్వాత నోరు లేకుండా పోయింది. అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం.

1861లో హోంమంత్రి మింగెట్టి ప్రాంతాలకు కొంత స్వపరిపాలన ఇచ్చే బిల్లు తెచ్చారు, అది నెగ్గలేదు. విక్టర్ ఇమ్మాన్యుయేల్ సొంత రాజ్యమైన ఉత్తరాది పీడ్‌మాంట్ చట్టాలనే దేశమంతా పరిచారు, జిల్లాలకు పైనుంచి అధికారులను పంపారు. విలీనానికి ముందు నేపుల్స్, సిసిలీలను ఏలిన బూర్బన్ రాజుల కాలంలో సిసిలీకి నిర్బంధ సైనిక సేవ లేదు, ఇప్పుడు వచ్చింది. పొలం పనులకు అక్కరకొచ్చే కుర్రాళ్లు బలవంతపు భర్తీ తప్పించుకోవడానికి కొండలెక్కారు. తనతో పోరాడినవారికి ఉమ్మడి భూముల్లో వాటా ఇస్తామని, స్వచ్ఛంద సేనతో దక్షిణాన్ని గెలిచిన గారిబాల్డీ 1860 జూన్‌లో ఆజ్ఞ జారీ చేశారు. అది అమలు కాలేదు. సిసిలీలోని బ్రోంటేలో రైతులు తిరగబడి ఊళ్లోవాళ్లను చంపితే, గారిబాల్డీ సేనాని బిక్సియో అయిదుగురిని కాల్పించాడు. తర్వాత చర్చి భూములు వేలానికి వచ్చినా, రొక్కం ఉన్నవాళ్లే కొనగలిగారు. తిరుగుబాటు ముఠాలను అణచడానికి తెచ్చిన 1863 నాటి పికా చట్టంతో దక్షిణాన సైనిక న్యాయస్థానాలు వెలిశాయి, లక్షకు పైగా సైన్యం దిగింది.

ఇక పన్ను. విలీనమైన రాజ్యాల అప్పులన్నీ కొత్త ప్రభుత్వం నెత్తిన పడ్డాయి, వాటిలో పీడ్‌మాంట్ యుద్ధాల అప్పే పెద్దది. అది తీర్చడానికి 1869 జనవరి 1 నుంచి పిండి పన్ను పెట్టారు: గోధుమలైతే 100 కిలోలకు 2 లీరాలు. పిండిమర తిరగలికి లెక్కింపు యంత్రం బిగించి, రాయి ఎన్ని చుట్లు తిరిగితే అంత పన్ను అన్నారు. చిక్కు ఇక్కడే వచ్చింది. రాయి గంటు, నీటి వేగం, గింజ తేమ మారితే అన్నే చుట్లకు వేర్వేరు తూకం పిండి వస్తుంది. మర యజమాని నష్టపోతే మర మూసేవాడు, లేదా ఆ భారం రైతుమీద వేసేవాడు. ఈ పన్నుమీద అల్లర్లు ఉత్తరాన ఎమీలియాలోనే ఎక్కువ; దేశమంతటా కలిపి సుమారు 250 మంది చనిపోయారు. కాబట్టి కోపం దక్షిణానిదే అనుకోకండి. బడ్జెట్ 1876లో సమతూకానికి వచ్చింది, పన్ను 1884లో పోయింది.

ప్రశ్న: రాజధానిని రెండుసార్లు ఎందుకు మార్చారు?
– ఉపాధ్యాయిని, ఏలూరు

జవాబు: పోప్‌కు కాపలాగా రోమ్‌లో ఫ్రెంచి సేన ఉండేది. అది వెళ్లిపోవాలంటే రాజధానిని ట్యూరిన్ నుంచి ఫ్లోరెన్స్‌కు మార్చాలని 1864లో ఒప్పందమైంది, 1865లో మార్చారు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చి ఫ్రాన్స్, 1866లో వెళ్లి 1867లో తిరిగొచ్చిన తన సేనను వెనక్కి పిలవగానే, సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం పోర్టా పియా దగ్గర గోడ పగలగొట్టి రోమ్‌లోకి వెళ్లింది. 1871లో రోమ్ రాజధాని అయింది. పోప్ మాత్రం ఒప్పుకోలేదు. జాతీయ ఎన్నికల్లో పాల్గొనవద్దని కాథలిక్కులను ఆదేశించారు. ఆ తగాదా ఇటలీకి, పోప్‌కు మధ్య కుదిరిన 1929 లాటరన్ ఒప్పందంతోనే తీరింది.