చల్క నేలలో యూరియా ఒక్కసారిగా మానేసి చూశాను

మూడెకరాల చల్కలో (ఎర్ర ఇసుక నేలలో) పత్తి వేస్తున్నామని, నేల గట్టిపడిందని, ఈ ఏడు నుంచి యూరియా, డీఏపీ మానేసి పశువుల ఎరువుతోనే సాగు చేయవచ్చా అని అడిగారు. దేవరకొండ వైపు మా చేనులో నేను సరిగ్గా అదే చేసి దెబ్బతిన్నాను.

ట్రాక్టరు కొన్న ఏడే మేము ఎడ్లను అమ్మేశాం. పెంటకుప్ప పోయి బస్తాలే మిగిలాయి. కొన్నేళ్లకు వాన వెలిసి ఎండ కాస్తే చాలు, నేల పైన పెంకులా అట్ట కట్టేది. దాన్ని చీల్చుకోలేక పత్తి మొలక లోపలే మెడ వంచుకుని ఉండేది. తప్పంతా యూరియాదే అనుకుని, దాన్ని మానేసి, ఎకరాకు రెండు ట్రాక్టర్ల పెంట కొని తోలించాను. అదీ సగం పచ్చిదే. ముందు చెదలు, కలుపు వచ్చాయి. నలభై రోజులకు నత్రజని చాలక చేను పసుపెక్కింది.

లెక్క అప్పుడు వేశాను, ఎంత తెలివో! 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోలకు పైనే. పశువుల ఎరువులో సుమారు అర శాతం, టన్నుకు 5 కిలోలు. ఒక్క బస్తాకు సాటి నాలుగు టన్నులు, అందులోనూ చాలా భాగం మొదటి పంటకు అందదు. అంత పెంట ఇప్పుడు ఎవరి దొడ్లో ఉంది?

అయినా పెంట వేయాల్సిందే. అట్ట కట్టడానికి అసలు కారణం మట్టి కణాలను పట్టి ఉంచే సేంద్రియ పదార్థం అయిపోవడం. వేసవిలో గొర్రెల మంద పెట్టించుకుంటున్నాను. ఒక ఏడు చెరువు పూడిక మట్టి తోలించాను. చల్కకు అది బాగా పనికొచ్చింది, పదును ఎక్కువ రోజులు నిలిచింది. నల్లరేగడి అయితే ఆ ఖర్చు దండగ.

మట్టి పరీక్ష మాత్రం తప్పక చేయించండి. ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంట తీసి, అంచు మట్టి కలిపి అరకిలో పంపితే చాలు. మా కార్డులో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువ, భాస్వరం ఎక్కువ అని వచ్చింది. ఏటా పైపాటుగా కూడా చల్లిన డీఏపీలోని భాస్వరం చాలావరకు అలా నేలలోనే పడి ఉందన్నమాట. ఇప్పుడు విత్తేటప్పుడు కొద్దిగా వేస్తాను, అంతే. యూరియాను మూడు నాలుగు దఫాలుగా, పదునున్నప్పుడే, మొక్కకు బెత్తెడు దూరంలో వేసి మట్టి కప్పిస్తాను.

మానాలనే ఉంటే ముందు అర ఎకరంలో మాని చూడండి. మా చేనులో ఇది నాలుగో ఏడు. యూరియా సగానికి తగ్గింది. అట్ట ఇంకా కడుతోంది, కానీ వేలితో నొక్కితే చిట్లుతోంది.