ఊపిరితిత్తుల్లో గడ్డ కరగకుండా మిగిలిపోయే ముప్పు ఎవరికి ఎక్కువ?

మీ అన్నకు ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ఎనిమిది నెలలైందని, ఆరు నెలలు రక్తం పలుచబడే మందు వాడి ఆపేశారని, ఇప్పటికీ మేడ ఎక్కితే ఆయాసం వస్తోందని రాశారు. గడ్డల వల్ల వచ్చే ఊపిరితిత్తుల రక్తపోటు ఎలాంటివారికి వస్తుందని అడిగారు. నేను డాక్టరును కాను. మా అమ్మకు ఈ జబ్బు వచ్చింది, మూడేళ్ల పాటు మేము దాన్ని గుర్తించలేకపోయాం. అంత కాలం మీకు వృథా కాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మాది అనంతపురం పాతూరు. అమ్మ రోజూ ఉదయం కూరగాయలకు నడిచి వెళ్లేది. 2016లో ఆమె వెంట వెళ్లినప్పుడు ప్రతి బండి దగ్గరా ఆగి ధర అడగడం చూశాను. కొనేది కాదు. మా ఇంట్లో ఎవరూ తినని కాకరకాయ ధర కూడా అడిగింది. బేరమాడే సరదా అనుకున్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగుతోందని నాకు తట్టలేదు. దుమ్ము పడటం లేదని ఒకరు ఇన్‌హేలర్ ఇచ్చారు. రక్తం తక్కువగా ఉందని మరొకరు ఐరన్ మాత్రలు రాశారు. చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ ఎప్పుడూ బాగానే ఉండేది. ఊపిరితిత్తుల ధమనుల్లోని ఒత్తిడి ఆ పట్టీకి అందదని మాకెవరూ చెప్పలేదు.

2019లో మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయింది. అప్పుడు తీసిన ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, గుండె కుడి గది ఉబ్బి కనిపించింది. బెంగళూరు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఫైలు తెరవకముందే, "గతంలో ఏదైనా ఆపరేషన్ జరిగిందా అమ్మా?" అని అడిగారు. అమ్మ కొంగు కొద్దిగా జరిపి ఎడమ డొక్క కింది మచ్చ చూపించింది. 1998లో వేరుశనగ తోలుకొస్తుండగా ఎద్దులబండి తిరగబడి ఆమె మీద పడింది. చితికిపోయిన ప్లీహాన్ని (స్ప్లీన్) తీసేసి ప్రాణం నిలబెట్టారు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ప్లీహం తీసేయించుకోవడం ఈ జబ్బుకు బలమైన కారణాల్లో ఒకటి. పాడైన రక్తకణాలను ఏరివేసేది ఆ అవయవమే. అది లేకపోతే అలాంటి కణాలు రక్తంలో మిగిలిపోతాయి, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, గడ్డకట్టే స్వభావం హెచ్చుతుంది. ఆపరేషన్ జరిగిన ఎన్నో ఏళ్లకు కూడా ఈ ముప్పు బయటపడవచ్చు. 2015లో కాశీ నుంచి రైల్లో వచ్చాక అమ్మ ఎడమ కాలు వాచింది. వాతమనుకుని వారం రోజులు నూనె రాశాం. అది బహుశా గడ్డేనని ఆ డాక్టరు అన్నారు. ఈ జబ్బున్న నలుగురిలో సుమారు ఒకరికి, అంతకు ముందు గడ్డకట్టిన దాఖలా ఏదీ ఉండదట.

ఇక మీ అన్న విషయం. ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి బతికి బయటపడినవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి నలుగురికి ఈ జబ్బు వస్తుంది. వాళ్లలో గడ్డ పూర్తిగా కరగదు. ధమని గోడకు అంటుకుని మచ్చలా గట్టిపడుతుంది, దాంతో ధమనుల్లో ఒత్తిడి పెరుగుతుంది. గడ్డ పెద్దదైతే, ఒకసారి కంటే ఎక్కువ వచ్చి ఉంటే, ఆపరేషన్ లాంటి కారణమేదీ లేకుండా వచ్చి ఉంటే, లక్షణాలు మొదలైన రెండు వారాల తర్వాత గానీ బయటపడకపోయి ఉంటే ముప్పు ఎక్కువ. మొదటి రోజు ఎకోలోనే ఒత్తిడి బాగా ఎక్కువగా ఉంటే, అప్పటికే పాత గడ్డలు ఉన్నాయేమోనని అనుమానించాలి. ఆనాటి సీటీ స్కాన్ ఫిల్ములు పారేయకండి.

థైరాయిడ్ మాత్ర వాడుతున్నారా, క్యాన్సర్ వచ్చి తగ్గిందా, పేగు పూత జబ్బు (ఐబీడీ) చాలాకాలంగా ఉందా, మెదడు నీటిని గుండెలోకి మళ్లించే గొట్టం వేశారా, పేస్‌మేకర్ తీగకు ఎప్పుడైనా ఇన్‌ఫెక్షన్ సోకిందా అన్నవి కూడా చెప్పాలి. థైరాయిడ్ మాత్ర అమ్మ కూడా వాడుతోంది. అలాగని దాన్ని ఆపకండి, వాడుతున్నట్టు చెబితే చాలు. ఓ గ్రూపు కాని రక్తం ఉన్నవాళ్లలో ఇది కొంత ఎక్కువ. అమ్మది బి పాజిటివ్.

రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష మాత్రం తప్పక అడగండి. అది పాజిటివ్ అయితే మందే మారిపోవచ్చు. రక్తం పలుచబడే కొత్త రకం మాత్రలకు బదులు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే పరీక్ష) చూసుకుంటూ వాడే పాత మందు వార్ఫరిన్‌నే సాధారణంగా ఇస్తారు. వంశంలో ఎవరికీ గడ్డలు లేవని మాత్రం నిశ్చింతగా ఉండకండి. అమ్మ వైపు ఎవరికీ లేవు, వంశపారంపర్య పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి.

రక్తం పలుచబడే మందు మూడు నెలలు సరిగ్గా వాడాక కూడా ఆయాసం తగ్గకపోతే ఎకో, వీక్యూ స్కాన్ తీయాలి. గాలి చేరుతున్న చోటికి రక్తం కూడా చేరుతోందా లేదా అన్నది ఆ స్కాన్‌లో తెలుస్తుంది. సీటీలో పాత గడ్డ కొన్నిసార్లు తప్పిపోతుంది. వీక్యూ మామూలుగా ఉంటే ఈ జబ్బు దాదాపు లేనట్టే.

అమ్మకు ఆపరేషన్ చేశారు. శరీరాన్ని సుమారు 20 డిగ్రీలకు చల్లబరిచి, రక్తప్రసరణను కొద్ది నిమిషాలు ఆపి, ధమని లోపలి పొరతో పాటు ఆ మచ్చను ఒలిచి తీశారు. తీసినదాన్ని డాక్టరు తన ఫోనులో చూపించారు. తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా, చేనులో పెరికిన వేరుశనగ చెట్టు వేర్లలా ఉంది. ఆపరేషన్ కుదరనివాళ్లకు ఇరుకైన ధమనులను వెడల్పు చేసే బెలూన్ చికిత్స, ధమనుల్లో ఒత్తిడి తగ్గించే రియోసిగ్వాట్ మాత్రలు ఉన్నాయి. రక్తం పలుచబడే మందు మాత్రం ఈ జబ్బున్న అందరికీ జీవితాంతం తప్పదు.

అందుకే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా భయపెట్టిన మాట "ఆపేశారు" అన్నది. ఆయాసం ఉండగా మందు ఆపడం సరేనా అని రేపే ఛాతీ డాక్టరును గానీ గుండె డాక్టరును గానీ అడగండి. నడుస్తుంటే కళ్లు తిరిగినా, కాళ్లు వాచినా రేపటిదాకా కూడా ఆగకండి. మీ అన్నకు చిన్నప్పుడు ఏదైనా ఆపరేషన్ జరిగిందేమో మీ అమ్మగారిని అడిగి వెళ్లండి.