ఏసీ ఆగిన రోజు సంతకం పెట్టకండి

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 2012లో కట్టిన రెండంతస్తుల ఇంట్లో ఉంటున్నాం. విస్తీర్ణం 2,600 చదరపు అడుగులు. గత శనివారం ఏసీ చల్లబరచడం మానేసింది. వచ్చిన టెక్నీషియన్ అరగంట చూసి, లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) లీకవుతోందని, అందులో ఉన్న ఆర్-410ఏ గ్యాస్‌ను ప్రభుత్వం నిషేధించింది కాబట్టి బాగుచేయడం కుదరదని, ఏసీ, ఫర్నేస్ (చలికాలంలో ఇంటిని వేడిచేసే గ్యాస్ యంత్రం) రెండూ మార్చాలని చెప్పాడు. ఈ రోజే సంతకం చేస్తే 2,000 డాలర్ల తగ్గింపు పోను 19,400 డాలర్లు అన్నాడు. 18 నెలలు వడ్డీ ఉండదని, నెలకు 240 డాలర్లు కడితే చాలని, పైగా టాక్స్ క్రెడిట్ వస్తుందని కూడా చెప్పాడు. కాగితంలో మాత్రం వడ్డీ 27.99 శాతం అని ఉంది. ఇంకో కంపెనీ ఫోనులోనే 12,800 చెప్పింది. మా వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒక తెలుగాయన 7,500 నగదుకు, పర్మిట్ గొడవ లేకుండా ఒక్క రోజులో పెట్టేస్తానంటున్నారు. అత్తమామలు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. మామగారికి 74 ఏళ్లు. మావారు హెచ్1బీ వీసా మీద ఉన్నారు. అత్యవసర నిధి 31,000, నెల ఖర్చు 7,000 డాలర్లు. ఎవరిని నమ్మాలి? 401కె (ఉద్యోగ విరమణ కోసం దాచుకునే పొదుపు ఖాతా) నుంచి లోను తీసుకోవచ్చా?

సమాధానం: ఈ ముగ్గురిలో ఎవరికీ జవాబు చెప్పకముందే మీరు చేయవలసిన పని ఒకటుంది. గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టుకునే పోర్టబుల్ ఏసీ ఒకటి ఈ రోజే కొనుక్కొచ్చి, అత్తగారు, మామగారు పడుకునే గదిలో పెట్టండి. కిటికీలో బిగించే ఏసీలకు కొన్ని కాలనీల హెచ్‌ఓఏలు, అంటే ఇళ్ల యజమానుల సంఘాలు, ఒప్పుకోవు గనుక పోర్టబుల్ అంటున్నాను. ఆ వయసువారికి టెక్సాస్ ఎండాకాలపు వేడి నిజంగానే ప్రమాదం. అది మొదటి కారణం. రెండోది డబ్బుకు సంబంధించినది. పెద్దాయన చెమటలు కక్కుతూ కూర్చున్న ఇంట్లో ఎవరూ ధరను ప్రశ్నించలేరు, రెండో మనిషిని పిలవలేరు, కాగితం చదవలేరు. ఈ కొన్ని వందల డాలర్లతో మీరు కొంటున్నది ఒక వారం వ్యవధి. మీ ముందున్న మూడు ధరల మధ్య తేడా పన్నెండు వేల డాలర్ల దాకా ఉన్నప్పుడు ఆ వారం చాలా విలువైనది.

ఇక గ్యాస్ సంగతి. మీకు చెప్పినది సగం నిజం, సగం నిజాన్ని కాదనడం కష్టం గనుక దాన్ని వివరంగా చెబుతాను. ఇళ్లలో పెట్టే, ఆర్-410ఏ వాడే కొత్త ఏసీల తయారీ, దిగుమతి 2025 జనవరి 1 నుంచి అమెరికాలో ఆగిపోయాయి. కొత్తవి ఆర్-454బీ లేదా ఆర్-32తో వస్తున్నాయి. కానీ ఇళ్లలో ఇప్పటికే ఉన్న ఏసీలను వాడుకోవడానికీ, బాగు చేయించుకోవడానికీ, వాటిలో గ్యాస్ నింపించుకోవడానికీ ఏ నిషేధమూ లేదు. ఈ తరగతి గ్యాసుల మొత్తం ఉత్పత్తిని చట్టం మెట్లుమెట్లుగా తగ్గిస్తోంది. 2024లో మూలస్థాయిలో 60 శాతానికి దించింది, 2029లో 30 శాతానికి దించుతుంది. కాబట్టి ఆ గ్యాస్ ధర ముందుముందు పెరిగే అవకాశం ఎక్కువన్నది వాస్తవం. బాగుచేయడం కుదరదన్నది అవాస్తవం. ఒక మనిషి తన పనికి సంబంధించిన చట్టాన్నే తప్పుగా చెప్పాడంటే, అతనికి తెలియక చెప్పాడా, తెలిసే చెప్పాడా అని మీరు తేల్చనక్కరలేదు. రెండింటిలో ఏదైనా అతని చేతిలో 19,400 డాలర్లు పెట్టకపోవడానికి సరిపోతుంది.

కాయిల్ నిజంగానే లీకవుతోందా అన్నది తెలియాలంటే రెండో మనిషిని పిలవాలి. పిలిచేటప్పుడే, మీకు కావలసింది కొత్త ఏసీకి కొటేషన్ కాదని, లీకు ఎక్కడుందో వెతికి రాసిచ్చే పరీక్ష అని, దానికి విడిగా డబ్బు చెల్లిస్తామని స్పష్టంగా చెప్పండి. ఉచితంగా చూసి వెళ్తామనే కంపెనీ ఆ ఖర్చును ఏదో ఒకటి అమ్మి రాబట్టుకోవలసి ఉంటుంది. కొన్నిచోట్ల వచ్చిన టెక్నీషియన్‌కే అమ్మకం మీద కమిషన్ ఉంటుంది. పరీక్షకు ఫీజు తీసుకునే మనిషికి మీ ఏసీ చెడిపోయి తీరాలన్న అవసరం అంతగా ఉండదు. గ్యాస్ ప్రెషర్ ఎంత చూపించింది, లీకు ఏ భాగంలో కనిపించింది అన్నవి ఫోటోలతో అడగండి. లీకు వాల్వు దగ్గరే ఉంటే, లేదా అసలు లోపం కెపాసిటర్‌లాంటి చిన్న భాగంలో ఉంటే, చిన్న ఖర్చుతో ఈ వేసవి గడిచిపోతుంది. అప్పుడు ఈ పనులకు గిరాకీ తక్కువగా ఉండే చలికాలం ముందు నిదానంగా మార్పించుకోవచ్చు. కాయిలే పోయిందని తేలితే మాత్రం, 2012 నాటి యంత్రంలో కొత్త కాయిల్ వేయించమని నేను చెప్పను. వారంటీ కాలం దాటిన కంప్రెసర్‌కు అంత డబ్బు జతచేయడం నాకు సమ్మతం కాదు.

మార్చక తప్పదనుకుంటే, ఎవరి చేత అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. టెక్సాస్‌లో ఈ పని చేసే కాంట్రాక్టర్‌కు లైసెన్సుల శాఖ, అంటే టీడీఎల్ఆర్, ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ నంబరు టీఏసీఎల్ఏ లేదా టీఏసీఎల్‌బీ అనే అక్షరాలతో మొదలవుతుంది. బీ తరగతివారు 25 టన్నుల వరకు, ఏ తరగతివారు ఎంత పెద్ద యంత్రాలనైనా పెట్టవచ్చు గనుక మీ ఇంటికి ఏదైనా చాలు. ఆ నంబరును శాఖ వెబ్‌సైటులో కొట్టి చూస్తే లైసెన్సు గడువు తీరిందో లేదో తెలుస్తుంది. శాఖ ఎప్పుడైనా చర్య తీసుకుందా అన్నది కూడా అక్కడే వెతకవచ్చు. ఇన్సూరెన్స్ కూడా ఆ లైసెన్సు షరతే: ఒక్కో ప్రమాదానికి బీ తరగతివారికి కనీసం లక్ష డాలర్లు, ఏ తరగతివారికి మూడు లక్షల డాలర్లు ఉండాలి. అయితే పనివాళ్లు గాయపడితే వర్తించే వర్కర్స్ కాంపెన్సేషన్‌ను టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులు తప్పనిసరిగా తీసుకోనవసరం లేదు. మీ అటక మీద కాలుజారి పడిన మనిషి ఖర్చు ఎవరిదవుతుందన్నది అందుకే ముందే అడగాలి. ఇన్సూరెన్స్ పత్రాన్ని చూపించమని వదిలేయకుండా, దాని మీదున్న ఏజెంటుకు మీరే ఫోను చేసి అది ఇంకా అమలులో ఉందో లేదో కనుక్కోండి.

ఇక్కడ మనవాళ్లకు అడ్డుపడేది డబ్బు కాదు, మొహమాటం. గ్రూపులో అందరూ అన్నయ్య అని పిలిచే మనిషిని, మొన్న గుడిలో కలిసి భోంచేసిన మనిషిని లైసెన్సు చూపించమని ఎలా అడగడం అని ఆగిపోతారు. అడగవలసిందే. ఆయన మంచివారే కావచ్చు, పని బాగా వచ్చినవారే కావచ్చు. లైసెన్సు ఉన్న తెలుగు కాంట్రాక్టర్ అయితే సంతోషంగా ఆయనకే ఇవ్వండి. కానీ పర్మిట్ వద్దు, నగదే కావాలి అన్న రెండు మాటలూ కలిసి వచ్చినప్పుడు, మీరు ఆదా చేస్తున్నామనుకునే 5,000 డాలర్లు మీ మీదికి తెచ్చుకునే బాధ్యతకు ధర అవుతాయి. పర్మిట్ తీస్తే నగరం తరఫున ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫర్నేస్ గ్యాస్ పైపు, పొగ గొట్టం, కరెంటు తీగలు, నీరు పోయే పైపు చూస్తాడు. ఫర్నేస్ పొగ గొట్టం సరిగా బిగించకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు, అవసరమైన పర్మిట్ లేకుండా చేయించిన మార్పులను కొనేవారికి రాతపూర్వకంగా చెప్పవలసి ఉంటుంది. లైసెన్సు లేనివారు బిగించారన్న కారణంతో తయారీ కంపెనీ వారంటీని నిరాకరిస్తే, పదేళ్ల వారంటీ మొదటి రోజే పోయినట్టు.

ఫోనులో 12,800 చెప్పిన కంపెనీని నేను ఇప్పుడే కొట్టిపారేయను, ఇప్పుడే నమ్మను కూడా. ఇంటికి రాకుండా, అటక ఎక్కకుండా చెప్పిన ధర పాత యంత్రం ఎన్ని టన్నులో అన్నే టన్నులకు చెప్పిన ధర. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని తీసేసే శక్తి. మీ ఇంటికి ఎన్ని టన్నులు కావాలన్నది గోడలు, కిటికీలు, అటకలోని ఇన్సులేషన్, ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉంది అన్న వివరాలతో వేసే లెక్క; ఆ లెక్కను మాన్యువల్ జె అంటారు. అవసరానికి మించి పెద్ద ఏసీ పెడితే గదిని త్వరగా చల్లబరచి ఆగిపోతుంది, గాలిలోని తేమను తీసేంతసేపు నడవదు, మాటిమాటికీ ఆగి మొదలవడం వల్ల త్వరగా అరిగిపోతుంది. చిన్నదైతే ఆగస్టులో పగలంతా ఆగకుండా నడిచినా పై అంతస్తు చల్లబడదు. టేపు, కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగి, చల్లగాలిని గదులకు చేర్చే గొట్టాలు, అంటే డక్టులు, ఎక్కడ గాలి వదిలేస్తున్నాయో చూసి, మాన్యువల్ జె లెక్క కాగితాన్ని మీకు ఇచ్చే కాంట్రాక్టర్ దొరికితే, ఆయన ధర ఫోనులో చెప్పిన ఆ ధర కంటే వెయ్యి ఎక్కువైనా నేను ఆయన వైపే మొగ్గుతాను.

కొటేషన్‌లో బయటి యూనిట్, లోపలి కాయిల్, ఫర్నేస్ మోడల్ నంబర్లు, వాటి జతకు ఏహెచ్ఆర్ఐ, అంటే ఏసీల సామర్థ్యాన్ని ధ్రువీకరించే సంస్థ, ఇచ్చిన నంబరు తప్పక రాయించుకోండి. ఆ నంబరును ఆ సంస్థ జాబితాలో వెతికితే, ఆ జత నిజంగా ఎంత సామర్థ్యంతో నడుస్తుందో కనిపిస్తుంది. ఫర్నేస్‌ను మార్చాలా అన్నది కూడా రాతలో కారణంతో సహా అడగాలి. కొత్త గ్యాసులకు కొద్దిగా మండే గుణం ఉంది గనుక లీకును పసిగట్టే సెన్సర్ ఫర్నేస్‌లోని ఫ్యాన్‌ను తిప్పగలగాలి. మీ పాత ఫర్నేస్‌కు అది జతచేయడం వీలవుతుందా, లేదా మార్చడమే మేలా అన్నదానికి మంచి కాంట్రాక్టర్ సూటిగా జవాబు చెబుతాడు. ఎక్కువ సీర్2 (ఏసీ సామర్థ్యాన్ని చూపే అంకె) ఉన్న ఖరీదైన మోడల్ కరెంటు బిల్లులో తనను తానే కట్టుకుంటుందని ఎవరైనా చెబితే లెక్క వేసి చూడండి. చల్లదనానికి మీకు ఏడాదికి 900 డాలర్లు ఖర్చవుతోందనుకుంటే, 14.3 నుంచి 17కు మారడం వల్ల మిగిలేది సుమారు 143 డాలర్లు. దానికోసం 3,000 అదనంగా పెడితే తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

టాక్స్ క్రెడిట్ విషయంలో మీకు చెప్పినది తప్పు. ఇంటి ఏసీలకు, హీట్ పంపులకు ఉన్న ఆ ఫెడరల్ క్రెడిట్ 2025 డిసెంబరు 31 తరువాత అమర్చినవాటికి వర్తించదు. ధరలోంచి దాన్ని తీసేసి ఎవరూ మీకు లెక్క చెప్పకూడదు.

వాయిదాల సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. 18 నెలల వరకు వడ్డీ లేదన్నది, ఆ గడువులో మొత్తం తీరిస్తేనే. 19,400ను 18 నెలల్లో తీర్చాలంటే నెలకు 1,078 డాలర్లు కట్టాలి. ఆ టెక్నీషియన్ చెప్పిన 240 కాదు. 240 చొప్పున కడితే గడువు తీరేనాటికి 4,320 మాత్రమే తీరి 15,080 మిగులుతుంది. ఇలాంటి వాయిదా వేసిన వడ్డీ ఒప్పందాల్లో అప్పుడు మొదటి రోజు నుంచి కూడిన వడ్డీ అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. 27.99 శాతం చొప్పున అది 7,000 డాలర్లు దాటుతుంది.

401కె లోను వద్దు. మామూలుగా అయితే చివరి దారిగా ఒప్పుకునేవాణ్ణేమో గాని, హెచ్1బీ మీద ఉన్న కుటుంబానికి అది రెండు ప్రమాదాలను ఒకేచోట కట్టేస్తుంది. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండడానికి మీవారికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే లోను బాకీ కూడా తీర్చవలసి రావచ్చు. ఆ ఏడాది టాక్స్ రిటర్ను గడువులోగా తీర్చలేకపోతే, మిగిలిన బాకీని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు, 59½ ఏళ్లు నిండనివారికి మరో 10 శాతం జరిమానా ఉంటుంది.

మీ అత్యవసర నిధి ఇలాంటి రోజు కోసమే ఉంది, కాని దాన్ని మూడు నెలల ఖర్చు, అంటే 21,000 కంటే దిగువకు తేవద్దు. అందులోంచి 10,000 తీయండి. మంచి కొటేషన్ 13,000 దగ్గర తేలితే, మిగిలిన 3,000ను క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు లాంటిది) నుంచి చిన్న లోనుగా తీసుకోండి. కంపెనీ జతచేసే వాటాకు మించి 401కెలో వేస్తున్నది ఉంటే ఆరు నెలలు ఆపి, ఆ డబ్బుతో ముందు లోను తీర్చి, తరువాత నిధిని తిరిగి నింపండి.

ఒప్పందంలో ముందస్తు చెల్లింపు చిన్న మొత్తంగానే ఉండాలి. నగరం ఇన్‌స్పెక్షన్‌లో పాసైన తరువాతే చివరి వాయిదా అని రాయించండి. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి, తగాదా వస్తే అడగడానికి దారి ఉంటుంది. యంత్రం పెట్టిన వారంలోనే వారంటీని మీ పేరు మీద మీరే రిజిస్టర్ చేయండి. చాలా కంపెనీలు 60 రోజుల్లోగా చేస్తేనే పదేళ్ల వారంటీ ఇస్తాయి, లేకపోతే ఐదేళ్లే. అది విడిభాగాలకు మాత్రమే, కూలికి కాదు. కూలికి ఎన్నేళ్లు హామీ అన్నది కాంట్రాక్టర్‌ను అడిగి రాయించుకోండి. లీకు పరీక్ష రిపోర్టు, మాన్యువల్ జె కాగితం, ఏహెచ్ఆర్ఐ నంబరుతో రెండు కొటేషన్లు మీ చేతికి వచ్చాక, సంతకానికి ముందు అవన్నీ నాకు పంపండి. పక్కపక్కన పెట్టి చూసి ఏది తీసుకోవాలో చెబుతాను.