మీవాడు ఆ సినిమాను ఎక్కడ ఆపి చూస్తున్నాడు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ‘ది అబిస్’ అనే పాత ఇంగ్లిష్ సినిమాను పదిసార్లు చూసుంటాడు. అలాంటివి తీసే పనే చేస్తానంటున్నాడు. ఇంజినీరింగ్ ఆలోచన మానుకోవాలా, వాడి సినిమా పిచ్చి మాన్పించాలా? – ఒక తండ్రి, కాకినాడ

జవాబు: రెండూ వద్దండీ. ఒక సాయంత్రం మీరూ వాడి పక్కన కూర్చుని ఆ సినిమా చూడండి. నీళ్లలో మునిగిన భార్యను హీరో బతికించుకునే ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. వాడు మాత్రం ఇంకెక్కడో ఆపి వెనక్కి తిప్పుతుంటాడు. ఆ చోటు గమనించండి.

1989లో జేమ్స్ కామెరాన్ తీసిన సముద్రగర్భ కథా చిత్రమది. సౌత్ కరోలినాలోని గాఫ్నీ దగ్గర, సగంలో వదిలేసిన అణు విద్యుత్ కేంద్రంలో ఒక పెద్ద కాంక్రీటు తొట్టి ఉంటే, సుమారు 75 లక్షల గాలన్ల నీళ్లు నింపి అడుగున సెట్ వేశారు. ఎండ లోపలికి దిగితే సముద్రగర్భంలా ఉండదు కదా! నీటిమీద నల్లటి ప్లాస్టిక్ పూసలు పరిచారు. నటుల ముఖాలు కనబడేలా, మాటలు వినబడేలా హెల్మెట్లు ప్రత్యేకంగా చేయించారు.

అయితే బుల్లి జలాంతర్గాములు కదిలే షాట్లు చాలావరకు నీటిచుక్క లేకుండా, పొగ నింపిన గదిలో బొమ్మలతో తీసినవే. మీ ఇంట్లోనే చేసి చూడండి. గాజు తొట్టిలో నీళ్లు పోసి రెండు చుక్కల పాలు కలపండి. దీపాలార్పి పక్కనుంచి టార్చి వేస్తే వెలుగు కడ్డీలా నిలబడుతుంది. తర్వాత అగరుబత్తి పొగలో అదే టార్చి వేయండి. అదే కడ్డీ! అందుకే పొగ గది తెరమీద నీళ్లలా కనబడుతుంది. మీవాడు ఇక్కడ గంటసేపు కదలకపోతే అతనిది కెమెరా మనసు. పుణె సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో గానీ కోల్‌కతా సత్యజిత్ రే సంస్థలో గానీ సినిమాటోగ్రఫీకి డిగ్రీ కావాలి కాబట్టి ముందు అది పూర్తిచేయనివ్వండి.

నీరే పాములా లేచి మనుషుల ముఖాలు అనుకరించే చోట ఆపుతున్నాడా? కంప్యూటర్‌తో చేసిన ఆ ఘట్టం 75 సెకన్లే, పట్టింది నెలలు. విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆస్కార్ ఈ చిత్రానికే వచ్చింది. వెక్టర్లు, మాత్రికలు లేకుండా ఆ నీరు కదలదు. కంప్యూటర్ సైన్స్ చేరి గ్రాఫిక్స్ వైపు వెళ్లవచ్చు; బొమ్మలేసే చెయ్యుంటే హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో యానిమేషన్ ఉంది. లక్షల ఫీజు అడిగే స్వల్పకాలిక కోర్సుకు మాత్రం, అక్కడ చదివినవాళ్లు నలుగురితో మాట్లాడకుండా డబ్బు కట్టకండి.

సినిమాలోని జలాంతర్గాముల గోడలు నీటి ఒత్తిడికి ఎలా ఆగుతాయి అని అడుగుతున్నాడా? అయితే ఓషన్ ఇంజినీరింగ్ చూడండి: ఐఐటీ మద్రాస్, ఖరగ్‌పూర్, విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ. ముగ్గురిని ఆరు కిలోమీటర్ల లోతుకు దించేందుకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) ‘మత్స్య 6000’ అనే చిన్న జలాంతర్గామిని తయారు చేస్తోంది. అక్కడ ఒత్తిడి మన నేలమీది గాలి ఒత్తిడికి 600 రెట్లు. మీవాడి చేత లెక్క కట్టించండి.

ఏ దారైనా ఎంపీసీ వృథా కాదు. ఈ ఏడాది పరీక్షలు శ్రద్ధగా రాయమనండి. వాడు సినిమా ఆపిన చోటు, అడిగిన ప్రశ్న ఒక కాగితం మీద రాసి నాకు పంపండి.