‘బైజాంటైన్‌లో’ అనవచ్చా?

సందేహం: ఒక పుస్తకంలో ‘బైజాంటైన్‌లో జస్టినియన్ పాలించాడు’ అని చదివాను. ఇంకోదాంట్లో ‘తూర్పు రోమన్ సామ్రాజ్యం’ అని, మరోదాంట్లో ‘గ్రీకు సామ్రాజ్యం’ అని ఉంది. మూడూ ఒకటేనా? ఏది సరైన ప్రయోగం? దీనికి మనవాళ్లు వాడిన పాత మాట ఏదైనా ఉందా?

సమాధానం: మూడూ ఒకే రాజ్యం గురించే: కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన రోమన్ సామ్రాజ్యపు తూర్పు భాగం. అయితే మొదటి వాక్యంలో వ్యాకరణం తప్పింది, మూడో పేరులో చరిత్ర తప్పింది.

బైజాంటియం అనేది ఊరి పేరు. బాస్ఫరస్ జలసంధి ఒడ్డున ఉన్న ఆ పాత గ్రీకు పట్టణాన్ని రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ విస్తరించి, 330 మే 11న తన కొత్త రాజధానిగా ప్రారంభించాడు. అదే కాన్‌స్టాంటినోపుల్, నేటి ఇస్తాంబుల్. ‘బైజాంటైన్’ ఆ ఊరి పేరు నుంచి పుట్టిన విశేషణం. ‘రోమన్‌లో నీరో పాలించాడు’ అని ఎవరమైనా రాస్తామా? రోములో అంటాం, లేదా రోమన్ సామ్రాజ్యంలో అంటాం. ఇదీ అంతే: ‘బైజాంటైన్ సామ్రాజ్యంలో’ అనాలి. ‘గ్రీకులో’ అంటే గ్రీకు భాషలో అని, ‘గ్రీసులో’ అంటే ఆ దేశంలో అని మనకు తేడా తెలుస్తూనే ఉంది కదా.

ఊరి పేరు మాత్రం తెలుగులో హాయిగా ఒదుగుతుంది: బైజాంటియంలో, బైజాంటియానికి, బైజాంటియపు. లాటిన్లో దాని చివర ఉన్న ‘ఉమ్’ మన ‘ము’కు చుట్టంలా కలిసిపోయింది. మనుషులను చెప్పాల్సివస్తే ‘రోమన్లు’ లాగే ‘బైజాంటైన్లు’ అనవచ్చు. ‘బైజాంటియన్’ అని అక్కడక్కడా కనిపించేది ఈ రెండు రూపాలూ కలిసి పుట్టిన సంకరం. వదిలేయండి.

ఇక చరిత్ర. ఈ సామ్రాజ్యపు జనం తమను తాము ఎన్నడూ ఆ పేరుతో పిలుచుకోలేదు. వాళ్ల మాటలో వాళ్లు రొమాయోయి, అంటే రోమన్లు. దేశం రొమానియా. బైజాంటియం వాళ్లు అంటే రాజధాని నగరవాసులని మాత్రమే వాళ్లకు అర్థం. కాన్‌స్టాంటినోపుల్ 1453 మే 29న తుర్కుల వశమైంది. జర్మన్ పండితుడు హీరోనిమస్ వోల్ఫ్ ఈ సామ్రాజ్యపు చరిత్రకారుల గ్రంథాలను ‘బైజాంటైన్’ పేరుతో సంపుటంగా అచ్చువేసింది 1557లో. రాజ్యం పోయిన నూట నాలుగేళ్లకు! పేరు స్థిరపడటానికి ఇంకా చాలా కాలం పట్టింది.

రాజ్యవ్యవస్థ రోముదే, మారింది భాష. జస్టినియన్ చక్రవర్తి (527–565) కూర్పించిన ధర్మశాస్త్ర సంపుటం లాటిన్లో ఉంటే, తర్వాత ఆయనే జారీచేసిన కొత్త శాసనాల్లో ఎక్కువ భాగం గ్రీకులో ఉన్నాయి. హెరాక్లియస్ చక్రవర్తి 629లో లాటిన్ బిరుదులు పక్కనపెట్టి గ్రీకులో ‘బసిలేఉస్’ (రాజు) అని రాసుకున్నాడు. అంతమాత్రాన దీన్ని ‘గ్రీకు సామ్రాజ్యం’ అంటే పాఠకుడి మనసు అలెగ్జాండర్ మీదికి పోతుంది. పైగా ఆ పేరు వాళ్లకు తిట్టు. 968లో పోపు దూతలు బైజాంటైన్ చక్రవర్తి నికెఫోరోస్ ఫోకాస్‌కు ఒక ఉత్తరం తెచ్చారు. అందులో ఆయన్ను ‘గ్రీకుల చక్రవర్తి’ అని, జర్మన్ రాజు ఒట్టోను ‘రోమన్ల చక్రవర్తి’ అని సంబోధించారు. దూతలను జైల్లో వేశారు. గ్రీకువాళ్లు తమకు పెట్టుకున్న ‘హెల్లీన్’ అన్న పేరుకు కూడా ఆ క్రైస్తవ సమాజంలో అన్యమతస్థుడనే అర్థం స్థిరపడిపోయింది.

కాబట్టి వ్యాసం రాస్తున్నారనుకోండి, మొదటిసారి ‘బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్యం’ అని రాసి, తర్వాత ‘బైజాంటైన్’ ఒక్కటే వాడుకోండి. నాటకంలోనో నవలలోనో ఆ కాలపు పాత్ర నోట మాత్రం ‘మేం బైజాంటైన్లం’ అనిపించకండి. ‘మేం రోమన్లం’ అనే అనాలి. అనువాదకులు జారిపడే చోటు మరొకటుంది, ‘సీజర్’. పాత రోములో అది చక్రవర్తి బిరుదు. కాన్‌స్టాంటినోపుల్ ఆస్థానంలో చక్రవర్తి కింది హోదాగా మిగిలింది. మూడో మైఖేల్ చక్రవర్తి కాలంలో సీజర్ అయిన బర్దాస్ ఆయన మేనమామ. ఆయన్ను ‘బర్దాస్ చక్రవర్తి’ అని రాస్తే ఒకే సింహాసనం మీద ఇద్దరిని కూర్చోబెట్టినట్టే.

పాత మాటలు మనకు రెండున్నాయి. సంస్కృతం నుంచి ‘రోమక’. జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు సంగ్రహించిన అయిదు సిద్ధాంతాల్లో, అంటే ఖగోళ గణిత గ్రంథాల్లో, రోమక సిద్ధాంతం ఒకటి.  దాని గణనకు ఆధారం యవనపురం, అంటే అలెగ్జాండ్రియా. వరాహమిహిరుడు తీసుకున్న ఆరంభ సంవత్సరం శక 427, అంటే క్రీ.శ. 505. అప్పుడు ఆ నగరం ఏలుబడి కాన్‌స్టాంటినోపుల్‌దే! మాట ఘనమైనదే కానీ, ఈ రోజు ‘రోమకులు’ అని రాస్తే పాఠకుడికి ముందు వెంట్రుకలు గుర్తొస్తాయి. పద్యానికి ఉంచుకుందాం.

రెండోది అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చిన ‘రూమ్’. ఖురాన్ ముప్ఫయ్యో సూరా పేరు ‘అర్‌రూమ్’. అందులో పర్షియన్ల చేతిలో ఓడిన రోమన్లు ఈ సామ్రాజ్యం వాళ్లే. పారశీక కవి జలాలుద్దీన్ రూమీ పేరులోని రూమ్ అంటే ఈ సామ్రాజ్యం నుంచి సెల్జూక్ తుర్కులు గెలుచుకున్న అనటోలియా నేల. యునానీ మందుల కొట్టులో అడిగే రూమీ మస్తకి గ్రీసుకు చెందిన ఖియోస్ ద్వీపపు చెట్ల బంక. ఒకప్పుడు ఆ ద్వీపమూ ఈ సామ్రాజ్యంలోదే. ఈ మాట వాడేటప్పుడు సంవత్సరం చూసుకోండి. 1453 తర్వాత ఆ నగరాన్ని గెలిచిన ఉస్మానియా సుల్తాన్ రెండో మెహ్మెద్ ‘కైసరె రూమ్’ (రూమ్ చక్రవర్తి) అని బిరుదు పెట్టుకున్నాడు. అందుకే మొగలుల కాలపు రాతల్లో ‘రూమ్ సుల్తాన్’ అంటే ఉస్మానియా తుర్కు సుల్తాన్. హైదరాబాదులో పెట్టుకున్న కుచ్చున్న ఎర్ర రూమీ టోపీ కూడా ఆ తుర్కులదే, బైజాంటైన్లది కాదు.