యువ రచయితకు: గుహలోని ఏడు ఉచ్చుల గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సాహస చిత్రం స్క్రిప్టు చదివాను. సంభాషణలు బాగున్నాయి. గుహ ఘట్టం దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. గోడలు మూసుకొస్తాయి, నేల విరుగుతుంది, మొసళ్ళు నోళ్ళు తెరుస్తాయి. వరుసగా ఏడు ఉచ్చులు, ఏడింటినీ నీ నాయకుడు ఒక్కో గెంతులో దాటేస్తాడు. ఏ ఉచ్చు ఎలా పనిచేస్తుందో ముందుగా తెలియని ప్రేక్షకుడు దేనికి భయపడాలి నాయనా?

స్పీల్‌బర్గ్ తీసిన ‘రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’ (1981) మొదటి ఘట్టాన్ని కలం చేతపట్టుకుని మళ్ళీ చూడు. అందరూ దొర్లుకొచ్చే బండరాయినే తలచుకుంటారు. నా ఓటు దానికి ముందు వచ్చే వెలుతురు చారకు. నాయకుడు ఇండియానా జోన్స్ గుహలోని ఆ వెలుగుకు చెయ్యి అడ్డుపెట్టగానే పక్కనుంచి శూలాలు దూసుకొస్తాయి, వాటికి గుచ్చుకుని ఉన్న పాత అన్వేషకుడి శవం బయటపడుతుంది. ఆ తర్వాత నేలమీది రాయిని కర్రతో నొక్కి, గోడలోంచి బాణం ఎలా వస్తుందో చూపిస్తాడు. లోపలికి వెళ్ళేటప్పుడు నేర్చుకున్నదంతా, లోపల చేజిక్కించుకున్న బంగారు విగ్రహంతో పరుగెత్తి వచ్చేటప్పుడు మన మీదికే తిరగబడుతుంది. వెంట వచ్చి మోసగించినవాడు అదే వెలుతురు దగ్గర శూలాలకు వేలాడుతూ కనిపిస్తాడు. వాడు చచ్చే క్షణం తెరమీద లేదు, అవసరమూ లేదు.

ఒకప్పుడు నేను ఒక వారపత్రికకు అడవి సాహసాల సీరియల్ రాస్తుండగా, నాయకుడు కర్రతో నేల తట్టి చూసే పేరాలన్నింటినీ సంపాదకుడు ‘కథ నడవడం లేదు’ అంటూ కొట్టేసి, గొయ్యిని మాత్రం ఉంచాడు. ఆ వారం నాయకుడు గోతిలో పడ్డాడు, పాఠకుడు చలించలేదు. పది నిమిషాలకో పేలుడు కావాలనే నేటి నిర్మాతలు ఆ సంపాదకుడికి స్వయానా తోబుట్టువులు.

ఫ్రెంచి దర్శకుడు క్లూజో తీసిన ‘ది వేజెస్ ఆఫ్ ఫియర్’ (1953)లో అసలు ఉచ్చు పన్నినవాడే లేడు. లారీలో కుదిపితే పేలిపోయే నైట్రోగ్లిజరిన్ ద్రవం, కింద గతుకుల బాట, అంతే. ఆ ద్రవం ఒలికితే ఏమవుతుందో మొదట్లోనే చూపించారు గనుక, చక్రం కుదుపుకు లోనైన ప్రతిసారీ మనం బిగుసుకుపోతాం.

ఏ దర్శకుడికి పంపాలని అడిగావు. ఆ సంగతి తర్వాత. ముందు ఏడింటిలో ఐదు తీసెయ్యి. మిగిలిన రెండింటినీ పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి వాడుకో. ఆఖరి క్షణంలో నీ నాయకుడికి తాతగారి పద్యం గుర్తుకు రావడాన్ని నేను ఒప్పుకోను. ‘ఇండియానా జోన్స్ అండ్ ది లాస్ట్ క్రూసేడ్’ (1989)లో తలలు తెగే చోట నాయకుడు మోకరిల్లి బతికేది తండ్రి డైరీలోని సూచనవల్ల. ఆ డైరీ కోసం అప్పటికే సినిమా అంతా పెనుగులాట జరిగింది. నీ పద్యం కూడా మొదటి అరగంటలో, ఎవరూ చెవినపెట్టని చోట వినిపించాలి. తిరగరాసి పంపు.