అందరి మాత్రలూ మీకు గుర్తే, మరి మీ సంగతి?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. హన్మకొండలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బాబుకి పదేళ్లు, పాపకి ఆరేళ్లు. అత్తయ్యకి షుగర్, బీపీ. ఆమె మాత్రలు, బాబు ఇన్‌హేలర్, మా ఆయన కొలెస్ట్రాల్ మాత్ర అన్నీ నేనే చూసుకుంటాను. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదకొండు దాకా కూర్చునే తీరిక ఉండదు. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, ఊరికే చిరాకేసి పిల్లల మీద అరుస్తున్నాను. నెలసరి కూడా కొంచెం ఎక్కువే అవుతోంది. పాప కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది గానీ కాన్పయ్యాక తగ్గిందన్నారు. చెకప్‌కి వెళ్లమని మా ఆయన అంటారు, ఎప్పుడు వెళ్లను? నా కోసం డబ్బు, టైమ్ ఖర్చు పెట్టుకుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. రోజూ చేసుకోగలిగే చిన్న చిన్న జాగ్రత్తలు చెప్పండి, చాలు.

జవాబు: అమ్మా, చిన్న జాగ్రత్తలు చెప్తాను. కానీ మీరు ఒక్క ముక్కలో రాసి దాటేసిన విషయం ఒకటుంది, ముందు దాని దగ్గర ఆగుదాం. "నెలసరి కొంచెం ఎక్కువే" అన్నారు. ఎన్ని రోజులు అవుతోంది? గంట గంటకీ, రెండు గంటలకీ ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? గడ్డలు పడుతున్నాయా? ఏడు రోజులు దాటుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గైనకాలజిస్టుకి చూపించుకోవాలి, వచ్చే సెలవుల దాకా వాయిదా వెయ్యకండి. నెలనెలా అంత రక్తం పోతుంటే ఒంట్లో ఐరన్ తగ్గిపోతుంది. ఐరన్ తగ్గితే మెట్ల మీద ఆయాసం, నీరసం, అయినదానికీ కానిదానికీ చిరాకు వస్తాయి. థైరాయిడ్ తేడా ఉన్నా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. నేను డాక్టర్ని కాదు, మీకు ఏముందో చెప్పలేను, కానీ పిల్లల మీద అరిచి రాత్రి పడుకున్నాక బాధపడుతూ "నేను మంచి తల్లిని కాదేమో" అనుకునే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూసుకోవాలి కదా. గర్భిణి కాని ఆడవాళ్లకి అది 12కి తగ్గకూడదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా, ఆంధ్రాలో 58 శాతానికి పైగా రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే మీ స్టాఫ్‌రూమ్‌లో పదిమంది టీచర్లుంటే ఐదారుగురికి ఇదే పరిస్థితి ఉండొచ్చు, అందరూ దాన్ని పని ఒత్తిడే అనుకుంటూ ఉండొచ్చు.

రెండో మాట షుగర్ గురించి. గర్భంతో ఉన్నప్పుడు వచ్చిన షుగర్ కాన్పుతో తగ్గినా, అలా ఒకసారి వచ్చినవాళ్లకి ముందు ముందు మళ్లీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. అందుకే ఏడాది నుంచి మూడేళ్లకోసారైనా టెస్టు చేయించుకోవాలి. పాపకి ఆరేళ్లొచ్చాయి, ఈ ఆరేళ్లలో మీరు ఒక్కసారైనా చేయించుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

డబ్బు సంగతి చెప్తాను. 30 ఏళ్లు దాటిన వాళ్లకి బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్ష, ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చెయ్యాలని కేంద్ర కార్యక్రమమే ఉంది. తెలంగాణలో అయితే 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో ప్రతి మంగళవారం ఆడవాళ్లకే ప్రత్యేకంగా క్లినిక్‌లు మొదలుపెట్టారు. మీకు దగ్గర్లో ఎక్కడుందో మీ కాలనీ ఆశా కార్యకర్తని అడగండి, చెప్తుంది. గర్భాశయ ముఖద్వారం పరీక్ష అంటే చాలామంది సిగ్గుపడో భయపడో తప్పించుకుంటారు. అక్కడ చేసేది పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది రంగు మారుతుందేమో చూడటమే, నిమిషాల్లో అయిపోతుంది, బాగుంటే మళ్లీ ఐదేళ్ల దాకా అక్కర్లేదు. ఆ క్యాన్సర్ రావడానికి ఏళ్లు పడుతుంది, ముందే కనిపెడితే అడ్డుకోవచ్చు. అందుకే దీని మీద ఇంత గట్టిగా చెప్తున్నాను. నెలసరి సమయంలో తప్ప ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

ఇక రోజువారీ సంగతులు. మీకు కొత్తగా టైమ్ పుట్టదు, కాబట్టి మీరు ఇప్పటికే చేస్తున్న పనులకే వీటిని తగిలించాలి. అత్తయ్యగారికి బీపీ చూసే మిషన్ ఇంట్లో ఉంటే, ఆమెకి చూసిన తర్వాత ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని ఆ పట్టీ మీ చేతికి చుట్టుకోండి, వారానికి ఒకసారి చాలు. 140/90 దగ్గరికి వస్తోందంటే డాక్టర్‌కి చెప్పాలి. పిల్లలకి గుడ్లు ఉడకేసే గిన్నెలోనే మీ కోసం ఇంకోటి వెయ్యండి. పళ్లేలు పెట్టేటప్పుడు మీ పళ్లెం కూడా పెట్టేసి అందరితో పాటే కూర్చోండి. గిన్నె అడుగున మిగిలిన కూరతో, పెరుగుతో సరిపెట్టుకోవడం మన ఇళ్లలో ఎంత అలవాటంటే, మీకు ఏ కూరంటే ఇష్టమో మీ పిల్లల్ని అడిగి చూడండి, చెప్పలేకపోవచ్చు. తోటకూర పప్పో, మునగాకు వేపుడో తిన్న రోజు పైన నిమ్మకాయ పిండుకోండి, ఐరన్ బాగా పడుతుంది. టీ మాత్రం తిండికి గంట అటో ఇటో జరపండి. టిఫిన్ మానేసి ఆ టైమ్‌లో రెండు టీలు తాగి స్కూలుకి పరుగెత్తే అలవాటుంటే ముందు మార్చాల్సింది అదే.

నీళ్లు. స్కూల్లో బాత్రూమ్ బాగుండదని మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు తాగని టీచర్లు నాకు చాలామంది తెలుసు, మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ పదే పదే వచ్చేదీ వాళ్లకే. మీదీ అదే పరిస్థితి అయితే నలుగురు టీచర్లు కలిసి హెడ్‌మిస్ట్రెస్‌ని అడగండి, ఇది అడగాల్సిన విషయమే. నడక వారానికి 150 నిమిషాలు అంటారు, ఒకేసారి అక్కర్లేదు, రాత్రి భోజనాలయ్యాక పాప చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా పది నిమిషాలు వెళ్లొచ్చినా లెక్కే. స్నానం చేసేటప్పుడు రొమ్ములో గడ్డలాంటిది, కొత్త మార్పు ఏదైనా చేతికి తగిలితే ఆగకుండా చూపించుకోండి.

తప్పు చేస్తున్నట్టుంది అన్నారు. మీ అమ్మ, అత్తయ్య అందరూ చివర్లో తిని, చివర్లో పడుకుని, నొప్పొస్తే అమృతాంజనం రాసుకుని సర్దుకున్నవాళ్లే అయ్యుంటారు. వాళ్లని చూస్తూ పెరిగాం కాబట్టి మనకూ అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. ఇప్పుడు మిమ్మల్ని చూస్తూ మీ పాప పెరుగుతోంది. మీ ఆయన "వెళ్లు" అంటున్నారంటే మంచి మనిషే. కానీ వెళ్లమనడం వేరు, మీరు వెళ్లేలా ఇల్లు సర్దడం వేరు. ఆయనకి ఏం చెయ్యాలో తెలియకపోవచ్చు, కాబట్టి స్పష్టంగా అడగండి: "వచ్చే మంగళవారం నేను సగం రోజు సెలవు పెడుతున్నాను, పిల్లల్ని స్కూల్ నుంచి నువ్వు తీసుకురా, అత్తయ్య సాయంత్రం మాత్రలు ఇకనుంచి నువ్వే చూడు." ఆయన మాత్ర ఆయనే వేసుకోగలరు, అది కూడా మీ లెక్కలోంచి తీసెయ్యండి.

ఈ రాత్రే గోడ మీద క్యాలెండర్‌లో గ్యాస్ బుకింగ్, స్కూల్ ఫీజు రాసే చోటే, ఆ మంగళవారం గడిలో మీ పేరు రాయండి. పరగడుపున షుగర్ చూస్తారు కాబట్టి ముందు రోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకండి, పొద్దున టీ కూడా వద్దు. రక్తం ఇచ్చాక తినడానికి ఇంటి నుంచి టిఫిన్ కట్టుకెళ్లండి. పాప కాన్పు నాటి ఫైల్ కూడా పట్టుకెళ్లండి, అప్పటి షుగర్ రీడింగులు డాక్టర్‌కి కావాలి. చాలా ఇళ్లలో అది బీరువా పై అరలో పట్టుచీరల కింద ఉంటుంది, ముందు అక్కడ వెతకండి.